జనగణనకు పట్టణ వార్డుల మ్యాపు: నాలుగు పద్ధతుల్లో మీ ఊరికి ఏది సరిపోతుంది

మున్సిపాలిటీలో జనగణన పని మొదలవగానే వచ్చే మొదటి తగాదా వార్డుల మ్యాపు గురించే. టౌన్ ప్లానింగ్ వాళ్లు బీరువాలోంచి పాత బ్లూప్రింట్ తీస్తారు. కంప్యూటర్ ఆపరేటర్ శాటిలైట్ బొమ్మ మీద గీసేద్దామంటాడు. ఎవరో ఒకరు డ్రోన్ మాట ఎత్తుతారు. బిల్ కలెక్టర్ మాత్రం "మ్యాపెందుకు సార్, హద్దులన్నీ నాకు తెలుసు" అంటాడు. నలుగురి మాటలోనూ కొంత నిజముంది. ఏ మాట ఎంతవరకు పనికొస్తుందన్నది ఊరిని బట్టి, ఆ ఊళ్లో తలనొప్పి ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. 2027 జనగణనకు ఇళ్ల జాబితా బ్లాకుల్ని (ఒక్కో బ్లాకు ఒక ఎన్యూమరేటర్ తిరిగే నేల ముక్క) ఛార్జి ఆఫీసు, అంటే ఊళ్లో జనగణన పని చూసే ఆఫీసు, హెచ్‌ఎల్‌బీ క్రియేటర్ అనే వెబ్ మ్యాపు అప్లికేషన్‌లోనే గీస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేది ఆ తెర ముందు కూర్చునే ముందు మీ దగ్గర సిద్ధంగా ఉండాల్సిన పని మ్యాపు గురించి. అది లేకుండా కూర్చుంటే తెర మీద గీతలు చక్కగానే పడతాయి. ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్ వీధిలోకి దిగిన రోజు మాత్రం ఒక ఇల్లు రెండు బ్లాకుల్లో ఉంటుంది, ఇంకో సందు ఏ బ్లాకులోనూ ఉండదు.

మీ చేతిలో లేనివి

ఏ పద్ధతి ఎంచుకున్నా మూడు విషయాలు మారవు.

మొదటిది తేదీ. ఈ జనగణనకు పరిపాలనా హద్దులు 2025 డిసెంబరు 31 నాటికి ఎలా ఉన్నాయో అలాగే లెక్క. 2027 మార్చి 31 దాకా అవి స్తంభించినట్టే. ఆ గడువులోపు చాలాచోట్ల తొందర తొందరగా మార్పులు జరిగాయి. 2025 డిసెంబరులో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాయి, వార్డులు 150 నుంచి 300 అయ్యాయి. మీ ఊళ్లో పక్క పంచాయతీ విలీనమైతే ఉత్తర్వు తేదీ చూడండి. పత్రికలో వార్త వచ్చిన తేదీ పనికిరాదు, పాలకవర్గం తీర్మానం చేసిన తేదీ కూడా పనికిరాదు.

రెండోది, హద్దు అంటే గెజిట్‌లోని రాత. మ్యాపు ఆ రాతకు బొమ్మ మాత్రమే. రెండింటికీ తేడా వస్తే రాతదే పైచేయి. ఆఫీసు గోడకు వేలాడే రంగుల మ్యాపు ఎంత అందంగా ఉన్నా దాన్ని మూలం అనుకోకండి. అది ఏ ఎన్నికలప్పుడు ఎవరు గీశారో చాలాసార్లు ఎవరికీ తెలియదు.

మూడోది, బ్లాకు వార్డు గీత దాటకూడదు, వార్డు పట్టణం గీత దాటకూడదు. వినడానికి చిన్న మాటే. సిబ్బంది ఎంతమంది కావాలో లెక్క వేసేటప్పుడు ఇదే దెబ్బ కొడుతుంది. 60,000 జనం, 32 వార్డులున్న పట్టణం తీసుకోండి. ఒక్కో బ్లాకుకు సగటున 700 నుంచి 800 మంది అన్నది ఈసారి లక్ష్యం. 750తో భాగిస్తే 80 బ్లాకులు. కానీ ఒక్కో వార్డులో ఉండేది దాదాపు 1,875 మంది. రెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 937, మూడు చేస్తే 625. వార్డు గీత దాటే వీల్లేదు గనక చాలా వార్డుల్లో మూడుకే వెళ్లాలి. అన్ని వార్డుల్లోనూ మూడే అయితే 96 బ్లాకులు. ఆరుగురికి ఒక సూపర్‌వైజర్ చొప్పున 16 మంది, పది శాతం రిజర్వు చొప్పున మరో పది మంది ఎన్యూమరేటర్లు. 80 అనుకుని టీచర్ల జాబితా అడిగినవాళ్లు చివరి వారంలో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మ్యాపు ఎంత కచ్చితంగా ఉందన్న ప్రశ్నతో అందరూ మొదలుపెడతారు. జనగణనకు అది రెండో ప్రశ్న. అసలు చూడాల్సినవి ఇవి:

- పట్టణంలో ప్రతి అడుగూ ఏదో ఒక్క బ్లాకులో పడిందా? ఖాళీ ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.
- ఆ గీత నేల మీద కనిపిస్తుందా? కొత్తగా వచ్చిన టీచరమ్మ రోడ్డు, కాలువ, రైలు పట్టాలు, ప్రహరీ చూసి గుర్తుపట్టగలగాలి. సర్వే నంబరు గీత కంటికి కనిపించదు.
- గెజిట్ రాతతో ప్రతి మలుపూ సరిపోయిందా?
- ఎన్ని రోజులు, ఎంతమంది కావాలి? ఆ మనుషులు ఇప్పుడు ఆఫీసులో ఉన్నారా?
- రేపు తప్పు బయటపడితే దిద్దడం ఎంత కష్టం?

అంగుళాల్లో కచ్చితత్వం ఈ జాబితాలో లేదు, మర్చిపోయి వదిలేసింది కాదు. ఆస్తి తగాదా తేల్చడానికి అది కావాలి. జనగణనలో గీత ఇంటికి ఏ వైపు ఉందన్నదే లెక్క. ఇంటి గోడకు అరడుగు ఇటూ అటూ అయినా మనిషి లెక్క మారదు.

మొదటి దారి: కాగితం మీద చేతి నక్షా

పాత టౌన్ మ్యాపు జిరాక్సు తీసుకుని, దాని మీద గెజిట్ చదువుకుంటూ రంగు పెన్నుతో వార్డులు గీయడం. స్కేలు ఉండకపోవచ్చు, దిక్కులూ వరసా సరిగా ఉంటే చాలు. 2011 వరకు ఎన్యూమరేటర్లు గీసిన బ్లాకు లేఅవుట్ మ్యాపులన్నీ ఈ కోవలోవే: పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం, నివాసం కానిదైతే లోపల గీతలు నింపడం, వాయవ్య మూలన మొదలుపెట్టి ఆగ్నేయం దాకా బాణం గుర్తులతో నంబర్లు.

దీన్ని పాతకాలపు పని అని తీసిపారేయకండి. 20,000 లోపు జనం ఉన్న పట్టణంలో ఒక బిల్ కలెక్టర్, ఒక శానిటరీ జవాను, ఒక చైన్‌మన్ (సర్వేయర్‌కు గొలుసు పట్టే సహాయకుడు) బల్ల చుట్టూ కూర్చుంటే రెండు మూడు రోజుల్లో అన్ని వార్డులూ పూర్తవుతాయి. ముఖ్యంగా జవాను. చెత్త బండి ఏ సందు దాకా వెళ్తుందో, ఎక్కడ వెనక్కి తిప్పుకోవాలో అతనికి తెలుసు. పన్ను పడని గుడిసెల వరస బిల్ కలెక్టర్ రిజిస్టరులో ఉండదు గానీ అతని రోజువారీ రౌండులో ఉంటుంది.

చెడేది అంచుల్లో. ఏడో వార్డు కాగితం ఒకరు, ఎనిమిదో వార్డు కాగితం ఇంకొకరు గీస్తే రెండింటి మధ్య వీధి ఇద్దరి కాగితాల్లోనూ ఉంటుంది, లేదా ఇద్దరి దగ్గరా ఉండదు. మందు ఒకటే: వార్డుకో కాగితం వద్దు. మొత్తం ఊరు ఒకే పెద్ద షీటు మీద ఉండాలి, ఇద్దరి మధ్య గీత ఒక్కటే పడాలి. ఆ గీత వీధి మధ్యలో వెళ్తుందా, ఒక వైపు ఇళ్ల వెనక నుంచి వెళ్తుందా అన్నది అంచు మీదే రాయాలి.

విస్తీర్ణం, జనసాంద్రత లాంటివి చేతి నక్షాలోంచి రావు. ఎలాగూ వెబ్ మ్యాపులో మళ్లీ గీయాల్సిందే కాబట్టి, పెద్ద ఊళ్లకు ఇది రెండింతల పని.

రెండో దారి: శాటిలైట్ బొమ్మ మీద కంప్యూటర్‌లో గీయడం

మధ్యస్థ పట్టణాలకు మా ఓటు దీనికే, అయితే నడకతో కలిపి. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, మామూలు ఆఫీసు కంప్యూటర్ మీద నడుస్తుంది. కింద పరచడానికి ఇస్రో వారి భువన్ శాటిలైట్ బొమ్మలుంటాయి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపులోని వీధులుంటాయి. కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ పథకం కింద మాస్టర్ ప్లాన్ తయారైన పట్టణమైతే 1:4000 స్కేలు బేస్ మ్యాపు టౌన్ ప్లానింగ్ విభాగంలోనే ఉండాలి. అడిగి తీసుకోండి, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

గీసే వరస ముఖ్యం. వార్డుల్ని ఒక్కొక్కటిగా చుట్టి గీస్తే మధ్యలో వెంట్రుకంత ఖాళీలు తప్పవు. ముందు పట్టణం బయటి గీత ఒకే బహుభుజిగా గీయండి. తర్వాత దాన్ని ముక్కలు చేసే సాధనంతో వార్డులుగా కోయండి, వార్డుల్ని మళ్లీ బ్లాకులుగా కోయండి. కేకు కోసినట్టన్నమాట: కత్తి పడిన చోట రెండు ముక్కలకూ అంచు ఒకటే గనక ఖాళీ రాదు, ఎక్కడం రాదు. పనయ్యాక క్యూజీఐఎస్‌లో గీతల తప్పులు వెతికే టోపాలజీ చెకర్‌లో "ఖాళీలు ఉండకూడదు", "ఒకదానిపై ఒకటి రాకూడదు" అనే రెండు నియమాలూ పెట్టి నడపండి. సున్నా తప్పులు వచ్చేదాకా ఫైలు ఎవరికీ ఇవ్వకండి.

తరచూ జరిగే పొరపాట్లు కొన్ని. విస్తీర్ణం డిగ్రీల్లో లెక్కపెట్టడం ఒకటి. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు, మన దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ 106 దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి చదరపు డిగ్రీ అన్న కొలతకు అర్థం లేదు. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎంకు మార్చాలి. రెండు రాష్ట్రాల్లో చాలా పట్టణాలు 44వ జోన్‌లోకి వస్తాయి, క్యూజీఐఎస్‌లో దాని కోడు ఈపీఎస్‌జీ 32644. కానీ ఆ జోన్ 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలై 84 దగ్గర ముగుస్తుంది. జహీరాబాద్, నారాయణపేట, అనంతపురం, హిందూపురం, ఆదోని 43వ జోన్‌లో ఉన్నాయి. అటు చివర పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. అందరూ 44 పెడుతున్నారు కదా అని పెట్టేస్తే కొలతలో కొంచెం తేడా వస్తుంది. దానికన్నా పెద్ద చిక్కు, పక్క శాఖ ఫైలుతో కలిపి చూసినప్పుడు ఎవరిది ఏ జోనో తెలియక గంటలు పోతాయి.

రెండోది తెలుగు పేర్లు. షేప్‌ఫైలు అనే మ్యాపు ఫైలు రకంలో కాలమ్ పేరు పది అక్షరాలు దాటదు, ఎన్‌కోడింగ్ తప్పితే వీధి పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి. మొదటి రోజు నుంచే జియోప్యాకేజ్ అనే ఇంకో రకం ఫైలులో దాచుకుంటే ఈ గొడవ ఉండదు.

మూడోది బొమ్మలోనే ఉన్న లోపం. పై నుంచి తీసిన బొమ్మలో ఎత్తయిన భవనాలు ఒక పక్కకు వాలి కనిపిస్తాయి. సన్న సందు ఆ నీడలో మాయమవుతుంది. చెట్ల కింద రోడ్డు కనపడదు. విజయవాడ కొండల మీది ఇళ్లు చూడండి. పై నుంచి అంతా ఒకే కప్పుల గుట్టలా ఉంటుంది. కింద చూస్తే ఏ ఇంటికి ఏ మెట్ల దారిన వెళ్లాలన్నదే అసలు హద్దు. బొమ్మలో పక్కపక్కన కనిపించే రెండు ఇళ్లకు వెళ్లే మెట్లు వేర్వేరు వీధుల్లోంచి ఉంటాయి. అలాంటి చోట తెర మీద గీత గీసి ఊరుకుంటే ఎన్యూమరేటర్ కొండ దిగి, చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కాలి.

మూడో దారి: ఫోన్ పట్టుకుని హద్దు వెంట నడవడం

క్యూఫీల్డ్ లాంటి యాప్‌లో ముసాయిదా గీతలు వేసుకుని, వార్డు చుట్టూ నడుస్తూ మలుపు మలుపునా ఒక గుర్తు, ఒక ఫోటో తీసుకోవడం. చుట్టుకొలత రెండు కిలోమీటర్లున్న వార్డుకు నోట్సు రాసుకుంటూ నడిస్తే గంటన్నర పడుతుంది. ఇద్దరు మనుషులు రోజుకు మూడు వార్డులు సుఖంగా చేస్తారు. ఎండాకాలమైతే ఉదయం రెండు, సాయంత్రం ఒకటి.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట ఐదు మీటర్ల లోపు తప్పుతో చూపిస్తుంది. రెండు వైపులా మూడంతస్తుల ఇళ్లున్న సందులో ఆ తప్పు పది, ఇరవై మీటర్లకు పోతుంది. చార్మినార్ చుట్టుపక్కల సందుల్లాంటి చోట సందు వెడల్పే మూడు నాలుగు మీటర్లు. అంటే మీరు సందుకు ఎడమన ఉన్నారో కుడిన ఉన్నారో ఫోన్ చెప్పలేదు. అందుకే నడిచిన జాడనే హద్దు గీతగా తీసుకోకూడదు. అది పాము మెలికల్లా ఉంటుంది, ఇళ్ల మీదుగా పోతుంది. జాడ పని గుర్తుచేయడం మాత్రమే. గీత మళ్లీ కంప్యూటర్‌లో బొమ్మ మీద వేయాల్సిందే.

మరి నడక దేనికి? గెజిట్ రాత నేల మీద ఏమైందో తెలుసుకోవడానికి. మచ్చుకు ఒక వార్డు హద్దులు ఇలా ఉంటాయనుకోండి: ఉత్తరం మెయిన్ రోడ్డు, తూర్పు రైల్వే లైను, దక్షిణం మురుగు కాలువ, పడమర 4-2-118 నుంచి 4-2-176 వరకు ఇళ్లు. ఇందులో మొదటి రెండూ ఎవరైనా గుర్తుపడతారు. కాలువ దగ్గర ఆగాలి. గీత కాలువ నడుమా, ఈ గట్టా, ఆ గట్టా? ఆ మధ్య కాలువ మీద స్లాబు వేసి దుకాణాలు కట్టి ఉంటే, వాటి వెనక గదుల్లో సంసారాలుంటే, వాళ్లెవరి లెక్క? పడమర ఇంకా కష్టం. 4 అంటే పాత డోర్ నంబర్ వార్డు, 2 అంటే అందులో బ్లాకు, 118 ఇల్లు. ఆ "4"కూ ఇప్పటి ఎన్నికల నాలుగో వార్డుకూ సంబంధం ఉండక్కర్లేదు, చాలా ఊళ్లలో లేదు కూడా. 118 తర్వాత 118/ఎ, 118/ఎ/1, 118/ఎ/1/3 అంటూ ఖాళీ స్థలాల్లో ఇళ్లు లేచి ఉంటాయి, అందులో కొన్ని ఎదుటి వరసలో. ఆ నంబర్ల వరస వీధి మలుపు దగ్గర అవతలికి దాటితే గీత కూడా దాటుతుంది. ఇది తెర మీద ఎప్పటికీ కనిపించదు. తలుపు మీది నంబరు చదివితేనే తెలుస్తుంది.

ఇలాంటి చోట నిర్ణయం ఏదైనా సరే, అది రెండు పక్క వార్డులకూ ఒకటే అయి ఉండాలి, కాగితం మీద ఉండాలి. "కాలువ నడిమి గీత, స్లాబు మీది దుకాణాలు ఉత్తరపు వార్డులో" అని ఒక వాక్యం చాలు.

నాలుగో దారి: డ్రోన్, డీజీపీఎస్

కేంద్రం 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన నక్షా కార్యక్రమం కింద దేశంలో 152 పట్టణాల్లో భూముల సర్వే ఆకాశం నుంచి జరుగుతోంది. మీ ఊరు అందులో ఉండి, బొమ్మలు తయారై ఉంటే అంతకన్నా మంచి బేస్ మ్యాపు దొరకదు. తప్పకుండా వాడుకోండి. కేవలం జనగణన కోసం కొత్తగా డ్రోన్ టెండరు పిలవడం మాత్రం డబ్బు దండగ.

కారణం చెబుతాం. డ్రోన్ కప్పుల్ని చూపిస్తుంది, కప్పు కింద ఎన్ని కుటుంబాలున్నాయో చూపించదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటూ, దాని పక్కన రేకుల గోడౌనూ పై నుంచి ఒకే సైజు. పైగా డ్రోన్ల గగనతల మ్యాపులోని ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకే ముందస్తు అనుమతి లేకుండా ఎగరొచ్చు, మిగతా చోట అనుమతి కావాలి. విశాఖలో నౌకాదళ ప్రాంతాల పక్కన, హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం చుట్టూ ఆ అనుమతి ఒక పట్టాన రాదు. నేల మీద కంట్రోల్ పాయింట్లు (స్థానం కచ్చితంగా కొలిచిన గుర్తులు) పెట్టాలి, బొమ్మల్ని అతకాలి, ఆ పైన మళ్లీ మనిషే గీత గీయాలి. గెజిట్ రాతలో స్పష్టత లేకపోతే సెంటీమీటరు కచ్చితత్వంతో అదే అస్పష్టతను గీస్తారు.

ఒక్క చోట ఇది నిజంగా అక్కరకొస్తుంది: ఊరి బయటి గీత పొలాల్లోంచి వెళ్లే చోట. విలీనమైన పంచాయతీ హద్దు సర్వే నంబర్ల మీదుగా పోతుంది. అక్కడ రోడ్డూ ఉండదు, కాలువా ఉండదు. కొత్త వెంచర్ సగం పట్టణంలో, సగం పక్క గ్రామంలో పడుతుంది. ఆ కొన్ని మలుపులకు మండల సర్వేయర్‌ను పిలిచి డీజీపీఎస్‌తో (ఫోన్ కన్నా ఎంతో కచ్చితమైన జీపీఎస్ పరికరం) రాళ్లు పెట్టించండి. ఊరంతటికీ అక్కర్లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | చేతి నక్షా | తెర మీద గీత | ఫోన్‌తో నడక | డ్రోన్, డీజీపీఎస్ |
|---|---|---|---|---|
| ఖాళీలు, ఎక్కడాలు పట్టుకోవడం | కష్టం | బాగా సులువు | ఒంటరిగా చాలదు | సులువే, గీత ఎలా వేశారన్నదాన్ని బట్టి |
| నేల మీది నిజం | మనుషుల జ్ఞాపకం మేరకు | తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | కప్పుల వరకే |
| 32 వార్డుల ఊరికి సమయం | 4–5 రోజులు | 6–8 రోజులు | రెండు జట్లతో 6 రోజులు | నెలలు |
| కావాల్సిన మనిషి | ఊరు తెలిసినవాడు | క్యూజీఐఎస్ తెలిసినవాడు | నడిచే ఇద్దరు | బయటి ఏజెన్సీ |
| తప్పు దిద్దడం | కొత్త కాగితం | ఐదు నిమిషాలు | మళ్లీ ఆ మూలకు వెళ్లాలి | ఏజెన్సీని అడగాలి |

వార్డును బ్లాకులుగా కోయడానికి ఏ గీత పట్టుకోవాలి

వార్డు గీత గెజిట్ ఇస్తుంది. లోపలి బ్లాకు గీత మీ ఇష్టం, అందుకే అసలు ఎంపిక ఇక్కడుంది. ఆఫీసులో ఇప్పటికే నాలుగైదు రకాల విభజనలు ఉంటాయి, దేన్నో ఒకదాన్ని యథాతథంగా వాడేద్దామని అందరికీ అనిపిస్తుంది.

పోలింగ్ భాగాలు చూడ్డానికి తయారు సరుకులా ఉంటాయి. కానీ ఒక కేంద్రానికి 1,200 ఓటర్ల దాకా ఉంటారు, పిల్లల్ని కలిపితే ఒక భాగం రెండు బ్లాకులవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఓటరు జాబితా భాగం ఇళ్ల జాబితాయే తప్ప నేల ముక్క కాదు. ఖాళీ స్థలం, ఫ్యాక్టరీ, హాస్టల్ అందులో ఉండవు.

ఆంధ్రప్రదేశ్‌లోని వార్డు సచివాలయం పరిధి సుమారు నాలుగు వేల జనానికి ఒకటి చొప్పున పెట్టింది, కాబట్టి ఐదారు బ్లాకులు. సంఖ్యలకు బాగా కుదురుతుంది, సూపర్‌వైజర్‌కు ఇచ్చే ఆరు బ్లాకులకూ దగ్గరే. అయితే దాని పరిధి ఎన్నికల వార్డు గీతతో కలుస్తుందో లేదో సరిచూడండి. కలిసిన చోట సూపర్‌వైజర్ సర్కిల్‌గా వాడుకోండి, కలవని చోట బలవంతంగా ఇరికించకండి.

డోర్ నంబర్ బ్లాకులు పాత ఊరికి బాగుంటాయి, కొత్త కాలనీలకు పనికిరావు. అక్కడ ప్లాట్ నంబర్లే నడుస్తాయి, డోర్ నంబర్లు అరకొరగా ఉంటాయి. టౌన్ సర్వే వార్డు, బ్లాకు, టీఎస్ నంబర్ల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, అవి రికార్డుకే గానీ వీధిలో తిరిగే మనిషికి కావు.

మా సలహా: వీటిలో దేన్నీ యథాతథంగా తీసుకోకుండా, వార్డును రోడ్లూ కాలువల వెంట కోసి, పైవాటిని ఇళ్ల అంచనాకు మాత్రం వాడండి. ఇంటి పన్ను అసెస్‌మెంట్లు ఒక అంకె ఇస్తాయి, గృహ విద్యుత్ మీటర్లు ఇంకో అంకె ఇస్తాయి. అపార్ట్‌మెంట్లలో రెండూ దాదాపు కలుస్తాయి. పాత బస్తీలో కలవవు, ఒకే అసెస్‌మెంటు మీద మూడు పోర్షన్లు అద్దెకిచ్చి ఉంటారు. మీటర్ల అంకె అసెస్‌మెంట్ల కన్నా బాగా ఎక్కువుంటే అవి అద్దె ఇళ్లు. బాగా తక్కువుంటే తాళం వేసినవో, పన్ను మాత్రమే పడిన ఖాళీ కట్టడాలో ఎక్కువన్నమాట. ఇంటికి నలుగురనుకుంటే 750 మందికి 185 దాకా కుటుంబాలు. 2011 జనాభాను పట్టుకుని బ్లాకులు చేయకండి. పదిహేనేళ్లలో ఊరు అన్ని వైపులా సమానంగా పెరగలేదు.

మురికివాడలో 60–70 ఇళ్లు దాటితే దాన్ని వేరే బ్లాకుగా విడదీయండి, పక్క కాలనీతో కలపకండి. కలిపితే రేపు మురికివాడల జనాభా అంకె ఏ లెక్కలోనూ విడిగా రాదు. సైనిక ప్రాంతాలు స్పెషల్ ఛార్జి అనే వేరే జనగణన విభాగం కిందకు వెళ్తాయి. అక్కడ గీత మీ వైపు ఎక్కడ ఆగిందో చూసుకుంటే చాలు, లోపలికి గీయడం మీ పని కాదు.

ఎవరికి ఏది

చిన్న నగర పంచాయతీ, 20 వార్డుల లోపు, గట్టి మార్పులేమీ జరగని ఊరు: చేతి నక్షా ఒకే షీటు మీద, అంచులు మాత్రం నడిచి చూడండి. కంప్యూటర్ తెలిసిన మనిషి కోసం నెల ఆగడం కన్నా ఇది మేలు.

ముప్పై నుంచి యాభై వార్డుల మున్సిపాలిటీ: తెర మీద గీత, ఆ తర్వాత అనుమానమున్న అంచులకే నడక. అన్ని అంచులూ నడవాల్సిన పనిలేదు. రెండు పక్కలా పెద్ద రోడ్డో రైలు పట్టాలో ఉన్న గీతను వదిలేయండి. డోర్ నంబర్లతో రాసిన ప్రతి గీతనూ నడవండి. ఒక మామూలు పట్టణంలో అవి మొత్తంలో మూడో వంతు కూడా ఉండవు, తగాదాలన్నీ మాత్రం అక్కడే.

కొత్తగా పంచాయతీలు కలిసిన ఊరు: ముందు బయటి గీత తేల్చుకోండి, దానికోసమే సర్వేయర్. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పక్క గ్రామాన్ని గ్రామీణ ఛార్జిగా తహసీల్దార్ ఆఫీసు కూడా తన జాబితాలో ఉంచుకుని ఉండొచ్చు. ఛార్జి రిజిస్టర్లు రెండూ పక్కన పెట్టి చదవకపోతే ఆ గ్రామానికి ఇద్దరు ఎన్యూమరేటర్లు వెళ్తారు, లేదా అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ అనుకుని ఎవరూ వెళ్లరు.

కొండవాలు బస్తీలు, ఇరుకు పాత బస్తీ: నడకే మొదలు, తెర తర్వాత. మెట్ల దారిని బట్టి, సందు మొదలును బట్టి బ్లాకు కట్టండి, మనుషుల సంఖ్య వంద అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

గీత ఖాయం చేసే ముందు

వార్డుల విస్తీర్ణాలన్నీ కూడండి, పట్టణం విస్తీర్ణంతో పోల్చండి. గెజిట్‌లో రాసింది ఉజ్జాయింపే గనక ఒకటి రెండు శాతం తేడాకు కంగారొద్దు. ఐదు దాటితే ఏదో వార్డు మొత్తంగా పక్కకు పోయి ఉంటుంది.

జనం లేరని వదిలేసిన ముక్కలు వెతకండి: చెరువు శిఖం, రైల్వే స్థలం, మార్కెట్ యార్డు, శ్మశానం, బస్టాండు. శిఖంలో గుడిసెలుంటాయి, యార్డులో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, శ్మశానంలో కాటికాపరి ఇల్లుంటుంది, స్టేషన్‌లో రాత్రి పడుకునేవాళ్లుంటారు. ఇవన్నీ ఏదో ఒక బ్లాకులో పడాలి.

రెండు వీధుల మూల మీదున్న ఇల్లు, ముందు తలుపు ఒక బ్లాకులో, వెనక తలుపు ఇంకో బ్లాకులో తెరుచుకుంటే ప్రధాన ద్వారం ఎటుంటే అటే. ఈ నియమం మొదటి రోజు శిక్షణలోనే అందరికీ ఒకేలా చెప్పండి.

ముద్రించేటప్పుడు ఒక బ్లాకుకు ఒక ఏ3 కాగితం. 1:1000 స్కేలులో దాని మీద 420 మీటర్ల పొడవు, 297 మీటర్ల వెడల్పు పడుతుంది, చాలా బ్లాకులకు సరిపోతుంది. శివారు బ్లాకులకు 1:2000. క్యూజీఐఎస్‌లోని అట్లాస్ సాధనం అన్నిటినీ ఒకేసారి తీస్తుంది. కాగితం మీద బ్లాకు నంబరు, నాలుగు దిక్కుల హద్దుల రాత తెలుగులో, పక్క బ్లాకుల నంబర్లు, మొదలుపెట్టాల్సిన వాయవ్య మూల గుర్తు ఉండాలి. వెనక పేజీ ఖాళీగా వదలండి, ఎన్యూమరేటర్ రాసుకోవడానికి.

ఇళ్ల జాబితా దశ 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఒక్కో రాష్ట్రం ఎంచుకున్న ముప్పై రోజుల్లో, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. మొదటి దశలో బ్లాకు పెద్దదని తేలితే రెండో దశకు దాన్ని రెండుగా కోయాల్సి రావచ్చు. అందుకని ఎన్యూమరేటర్లు వెనక్కిచ్చిన కాగితాలు పారేయకండి. వాటి వెనక పేజీల్లో "ఈ సందు నాది కాదు అన్నారు", "ఇక్కడ మూడు ఇళ్లు మ్యాపులో లేవు" అని రాసి ఉంటాయి. బ్లాకు నంబరు వరసన కట్టి ఛార్జి రిజిస్టరుతో పాటే బీరువాలో పెట్టండి, బ్లాకును మళ్లీ కోసే రోజు ముందుగా తీయాల్సింది ఆ కట్టనే.